ఆర్ఏ నంబరు ఒక్కటే చూస్తే చాలదు: పార్ట్ ఉపరితలాన్ని దాని పనిని బట్టి ఎంచుకోవడం, కొలవడం, తెచ్చుకోవడం

ఒకే డ్రాయింగ్, ఒకే స్టీలు, ఒకే సైజు. రెండు షాఫ్టులూ మైక్రోమీటర్‌కి సరిగ్గా వచ్చాయి, గరుకుని కొలిచే సర్ఫేస్ టెస్టర్ పెడితే రెండింటికీ ఆర్ఏ, అంటే సగటు గరుకు, 0.4 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చూపిస్తోంది. గేర్‌బాక్సులో బిగించాక మాత్రం ఒకటి కొద్ది రోజులకే ఆయిల్ కారుస్తుంది, ఇంకోటి ఏళ్ల తరబడి పొడిగా నడుస్తుంది. షాఫ్టు చుట్టూ ఆయిల్‌ని ఆపే రబ్బరు సీల్ బాగోలేదంటారు, ఫిట్టర్‌ని తిడతారు, కొత్త సీల్ వేస్తారు, మళ్లీ కారుతుంది. తేడా అంతా షాఫ్టు మీద కంటికి ఆనని గీతలు ఏ దిక్కుకి పోతున్నాయన్న దాంట్లో ఉంది, ఆర్ఏ నంబరులో ఆ సంగతి ఉండదు.

మెషిన్ షాపులో పనిచేసేవాళ్లకి, డ్రాయింగులు వేసేవాళ్లకి, మెకానికల్ చదివే పిల్లలకి పనికొచ్చేలా ఇది రాస్తున్నాను. గరుకు ఎంత ఉంది అని అందరూ అడుగుతారు. ఆ గరుకు ఏ ఆకారంలో ఉంది, ఏ దిక్కుకి ఉంది అని అడిగేవాళ్లు తక్కువ. పార్ట్ అరుగుతుందా, విరుగుతుందా, కారుతుందా, తుప్పు పడుతుందా అన్నది చాలాసార్లు తేలేది ఆ రెండో ప్రశ్న దగ్గరే.

మొదటి అడుగు: ఆ ముఖం ఏం పని చేయాలో రాసుకోండి

డ్రాయింగ్ మీద నంబరు వేసే ముందు ఒక్కో ముఖానికీ దాని పని రాయండి. ఇది దేని మీదైనా రాసుకుంటూ జారుతుందా? ఆయిల్‌నో గ్యాస్‌నో ఆపాలా? వంగుతూ తిరుగుతూ లక్షలసార్లు లోడు మోస్తుందా? దాని మీద పెయింట్ పట్టాలా? లోపల మందో పాలో ప్రవహించి, ఏమీ అంటుకోకుండా కడిగేయగలగాలా? లేక ఏ పనీ లేదా, గాలికి ఊరికే ఉంటుందా? చివరి రకం ముఖాలే ఏ పార్టులోనైనా ఎక్కువ, వాటికి ఫినిష్ కోసం పైసా కూడా ఖర్చు పెట్టక్కర్లేదు.

ఎంత నున్నగా ఉంటే అంత మంచిది అనే నమ్మకాన్ని ఇక్కడే వదిలేయాలి. రుబ్బురోలు నున్నబడితే పిండి నలగదు, అందుకే కక్కు కొట్టిస్తారు. ఆపరేషన్‌లో పెట్టే కృత్రిమ తుంటి కీలు చూడండి. జారుతూ తిరిగే లోహపు గుండు అద్దంలా ఉండాలి, ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం ఆర్ఏ 0.05 మైక్రాన్లు దాటకూడదు. అదే కీలుకి ఉండే, సిమెంటు లేకుండా తొడ ఎముకలోకి దించే కాడని మాత్రం కావాలనే గరుకుగా చేస్తారు, ఎముక పెరిగి పట్టుకోవాలి కాబట్టి. ఒకే వస్తువు, ఒకే రోగి, రెండు పనులు, రెండు ఉపరితలాలు.

ఇంకో లెక్క కూడా మనసులో పెట్టుకోండి. రెండు లోహపు ముఖాలు ఆనుకున్నాయంటే అవి మొత్తం ఆనుకున్నట్టు కాదు, ఒకదాని గుట్టల కొనలు ఇంకోదాని గుట్టల కొనలకి తగులుతాయి, అంతే. నిజంగా తగిలే వైశాల్యం సుమారుగా నొక్కే బలాన్ని లోహపు కాఠిన్యంతో భాగిస్తే వస్తుంది. సుమారు పది కిలోల బరువు, అంటే 100 న్యూటన్లు, మామూలు మైల్డ్ స్టీలు మీద పెట్టారనుకోండి, దాని కాఠిన్యం సుమారు 2,000 మెగాపాస్కల్స్, అప్పుడు తగిలేది 0.05 చదరపు మిల్లీమీటర్లు. ముఖం చదరపు సెంటీమీటరు ఉంటే అందులో రెండు వేలో వంతు మాత్రమే! రాపిడి, అరుగుదల, ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి పోయే వేడి, కరెంటు, అన్నీ ఆ చిన్న చిన్న చుక్కల గుండానే నడుస్తాయి. కంప్యూటర్ ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య థర్మల్ పేస్ట్ పూసేది మిగిలిన ఖాళీని నింపడానికే.

రెండో అడుగు: నంబర్ల వెనక ఆకారాన్ని చదవడం నేర్చుకోండి

టెస్టర్ సూది ఉపరితలం మీద నడిస్తే ఒక ఎగుడుదిగుడు గీత వస్తుంది. దాని మధ్యలో ఒక సగటు గీత గీసి, ఆ గీత నుంచి ప్రతి చోటా ఎంత దూరం ఉందో తీసుకుని, పైకా కిందకా అని చూడకుండా సగటు కడితే వచ్చేదే ఆర్ఏ. "పైకా కిందకా అని చూడకుండా" అన్న దగ్గరే చిక్కంతా ఉంది. ఒక ఉపరితలంలో చదునైన నేల మీద అక్కడక్కడా సూదిగుట్టలు ఉన్నాయనుకోండి. ఇంకో దాంట్లో చదునైన నేలలో అక్కడక్కడా లోతు గాళ్లు ఉన్నాయి. మొదటి బొమ్మని తలకిందులు చేస్తే రెండోది వస్తుంది. రెండింటికీ ఆర్ఏ ఒకటే, ఆర్‌జడ్ (పెద్ద గుట్ట కొన నుంచి లోతైన గాడి అడుగు దాకా ఎత్తు) కూడా ఒకటే. కానీ మొదటిది బేరింగ్‌ని గీకేస్తుంది, రెండోది ఆయిల్‌ని గాళ్లలో దాచుకుని ఏళ్ల తరబడి నడుస్తుంది.

ఈ తేడాని పట్టుకునేది ఆర్‌ఎస్‌కే, అంటే స్క్యూనెస్. గుట్టలు ఎక్కువైతే ప్లస్సు, గాళ్లు ఎక్కువైతే మైనస్సు. జారే ముఖాలకి మైనస్ కావాలి. ఇప్పటి పోర్టబుల్ టెస్టర్లలో చాలావాటిలో ఇది మెనూలోనే ఉంటుంది, ఆన్ చేసుకోవడమే.

దీనికన్నా వివరంగా చెప్పేది ఆర్‌కే కుటుంబం. ఆబట్, ఫైర్‌స్టోన్ అనే ఇద్దరు 1933లో ఒక ఆలోచన చెప్పారు: ఉపరితలాన్ని పైనుంచి పొరలు పొరలుగా కోసుకుంటూ వస్తే ఏ లోతులో ఎంత లోహం తగులుతుంది అని ఒక వంపు గీయొచ్చు. ఆ వంపుని మూడు ముక్కలు చేస్తే, పైన రన్నింగ్-ఇన్‌లో, అంటే కొత్తలో నడిచేటప్పుడు, అరిగిపోయే కొనలు ఆర్‌పీకే, మధ్యలో లోడు మోసే పొర ఆర్‌కే, అడుగున ఆయిల్ నిలిచే గాళ్లు ఆర్‌వీకే. ఇంజిన్ లైనర్లు (పిస్టన్ తిరిగే సిలిండరు లోపలి గొట్టాలు) చూసేవాళ్లకి ఈ మూడూ ఆర్ఏ కంటే చాలా ఎక్కువ చెబుతాయి.

నంబర్లలో రానిది ఒకటుంది, అది గీతల దిక్కు. దీన్ని లే అంటారు. లేత్ మీద చుట్టూ తిరిగే గీతలు, షేపర్ మీద తిన్నటి గీతలు, హోనింగ్‌లో (బోరు లోపల రాళ్లు తిప్పి రుద్దడం) ఒకదాన్నొకటి కోసుకునే గీతలు. టార్చ్ లైటు పక్కవాటుగా పట్టి, పదింతలు పెద్దది చేసే భూతద్దంతో చూస్తే చాలావరకు కనిపిస్తుంది. టెస్టర్ తీసే ముందు ఇలా ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి.

మూడో అడుగు: కొలవడం సరిగ్గా కొలవండి

తప్పుడు రీడింగులకి కారణం ఎక్కువగా మిషను కాదు, సెట్టింగు. కటాఫ్ అనేది గరుకుని, దానికన్నా పొడవైన అలల్ని వేరుచేసే జల్లెడ. మామూలుగా ఆర్ఏ 0.1 నుంచి 2 మైక్రాన్ల మధ్య ఉంటే కటాఫ్ 0.8 మి.మీ., కొలిచే పొడవు దానికి ఐదింతలు, అంటే 4 మి.మీ. ఆర్ఏ 2 నుంచి 10 మధ్య ఉంటే 2.5 మి.మీ. కటాఫ్, 12.5 మి.మీ. పొడవు. టర్నింగ్ చేసిన ముఖానికైతే ఫీడు (ఒక్కో చుట్టుకి టూల్ జరిగే దూరం) వదిలిన గీతల మధ్య దూరాన్ని బట్టి వెళ్లాలి: ఆ దూరం 0.13 నుంచి 0.4 మి.మీ. లోపుంటే 0.8, అది దాటితే 2.5. మందమైన ఫీడుతో తీసిన ముఖం మీద 0.25 కటాఫ్ పెడితే అసలు గీతలే జల్లెడ పట్టుకుపోయి, నిజం కన్నా అందమైన నంబరు వస్తుంది. రిపోర్టులో కటాఫ్ రాయకపోతే ఆ రీడింగుని నేను లెక్కలోకి తీసుకోను.

సూది ఎప్పుడూ గీతలకి అడ్డంగా నడవాలి. గీతల వెంబడి నడిపిస్తే గాడిలోనే పోతుంది, ఏమీ చెప్పదు. పార్ట్‌ని ముందు శుభ్రంగా తుడవండి, ఆయిల్ పొర, వేలిముద్ర, చిన్న చిప్పు, అన్నీ రీడింగులోకి ఎక్కుతాయి. పక్కన పవర్ ప్రెస్ నడుస్తుంటే కాసేపు ఆగండి. టెస్టర్‌తో వచ్చే రిఫరెన్స్ ప్లేటు మీద రోజూ ఒకసారి సరిచూసుకోండి, ఎప్పుడూ ఒకే గీత మీద కాకుండా కొంచెం జరుపుతూ, ఎందుకంటే సూది ఆ ప్లేటుని కూడా కొద్దికొద్దిగా అరగదీస్తుంది. ఒకే చోట కాకుండా కనీసం మూడు చోట్ల కొలవండి. సూది కొన గుండ్రనిది, సాధారణంగా 2 లేదా 5 మైక్రాన్ల వ్యాసార్థం, దానికన్నా ఇరుకైన పగుళ్లలోకి అది దిగదు. అంత చిన్నవి ముఖ్యమైన చోట ఆప్టికల్ పద్ధతికో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కో వెళ్లాలి.

ఒక చిన్న సంగతి: 2021లో వచ్చిన ఐఎస్ఓ 21920 పాత 4287, 4288 ప్రమాణాల స్థానంలోకి వచ్చింది. పాత పద్ధతిలో కొలిచినవాటిలో 16 శాతం దాకా హద్దు దాటినా పార్ట్ పాసయ్యేది, కొత్తదాంట్లో ఏమీ రాయకపోతే ఒక్కటి కూడా దాటకూడదు. ఎగుమతి ఆర్డరు తీసుకునేటప్పుడు డ్రాయింగ్ ఏ ప్రమాణం మీద ఉందో అడిగి తీరాలి.

నాలుగో అడుగు: పనిని బట్టి ఎంచుకోండి

*ఆయిల్ సీల్ కూర్చునే షాఫ్టు.* మొదట చెప్పిన షాఫ్టు కథ ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. సీల్ పెదవి కింద ఆర్ఏ 0.2 నుంచి 0.8 మైక్రాన్ల మధ్య, ఆర్‌జడ్ 1 నుంచి 5 మధ్య ఉండాలి, కాఠిన్యం 45 హెచ్ఆర్‌సికి (రాక్‌వెల్ సి కాఠిన్యపు కొలత) తగ్గకూడదు. 0.8 దాటితే పెదవి అరుగుతుంది, అది అందరికీ తెలుసు. 0.2 కన్నా నున్నగా చేసినా సీల్ పోతుంది! పెదవి కింద పల్చటి ఆయిల్ పొర నిలవడానికి చిన్న గాళ్లు కావాలి, అవి లేకపోతే రబ్బరు పొడిగా రాసుకుని, వేడెక్కి, గట్టిపడి పగులుతుంది.

ఇక దిక్కు. లేత్ మీద టర్నింగ్ చేస్తే వచ్చే గీత నిజానికి ఒక సన్నటి మర. షాఫ్టు తిరుగుతుంటే ఆ మర ఆయిల్‌ని పంపులా ఒక పక్కకి తోస్తుంది, తోసే దిక్కు బయటికైతే ఏ సీల్ వేసినా కారుతుంది. లేత్ మీద ఎమెరీ పట్టీ పట్టుకుని పక్కకి జరుపుతూ పాలిష్ చేసినా అదే మర మళ్లీ వస్తుంది, పైగా ఆర్ఏ అందంగా వచ్చేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఇక్కడ ప్లంజ్ గ్రైండింగ్ అడుగుతారు: గ్రైండింగ్ వీలు (చక్రం) పక్కకి జరగకుండా నేరుగా లోపలికి దిగాలి, చివర్లో ఫీడు ఆపేసి నిప్పురవ్వలు పూర్తిగా తగ్గేదాకా అలాగే తిప్పాలి. వీలు ఆర్‌పీఎంని జాబ్ (గ్రైండ్ చేసే పార్ట్) ఆర్‌పీఎంతో భాగిస్తే పూర్ణసంఖ్య రాకుండా చూసుకోండి, వస్తే వీలుని సరిచేసే డ్రెస్సర్ దాని మీద వదిలిన గీతలు జాబ్ మీద ప్రతిసారీ అదే చోట అచ్చుపడతాయి.

ఈ మర ఉందో లేదో కనిపెట్టడానికి పెద్ద మిషను అక్కర్లేదు, నూలు దారం చాలు. షాఫ్టుని లేత్‌లో పట్టి లెవెల్ సరిచూసుకోండి. పైన పల్చగా సిలికాన్ ఆయిల్ రాయండి. సన్నటి నూలు దారం ఒక కొసని స్థిరంగా ఎక్కడైనా కట్టి, షాఫ్టు మీదుగా వేసి, రెండో కొసకి సుమారు 30 గ్రాముల బరువు వేలాడదీయండి. దారం షాఫ్టు చుట్టుకొలతలో మూడింట రెండొంతుల దాకా తగలాలి, పూర్తి చుట్టు చుట్టకూడదు, చుడితే దారమే మరలా తయారవుతుంది. ఇప్పుడు నిమిషానికి 60 చుట్ల దగ్గర తిప్పి దారాన్ని చూడండి. కదలకుండా ఉంటే మంచిది. కుడికి జరిగితే, షాఫ్టుని వెనక్కి తిప్పండి. ఈసారి ఎడమకి జరిగిందా, షాఫ్టు మీద మర ఉన్నట్టే. రెండుసార్లూ ఒకే పక్కకి జరిగితే మర కాదు, షాఫ్టు టేపర్ ఉంది (ఒక కొస సన్నగా ఉంది) లేదా లెవెల్లో లేదు. టెస్టర్ చెప్పలేని సంగతిని ఒక నూలు పోగు చెప్పేయడం నాకు ఎప్పుడూ సంతోషంగా అనిపిస్తుంది, ఈ పరీక్షని ప్రతి సీల్ షాఫ్టుకీ చేయించాలని నా గట్టి అభిప్రాయం.

*ఇంజిన్ లైనర్.* విజయవాడ ఆటోనగర్‌లో రీబోర్ చేసే షాపు ముందు నిలబడితే హోనింగ్ రాళ్లు బోరులో పైకీ కిందకీ తిరగడం చూడొచ్చు. తిరుగుడు, పైకీ కిందకీ పోవడం, ఈ రెండు వేగాల మధ్య నిష్పత్తే గీతలు కోసుకునే కోణాన్ని తేలుస్తుంది. కోణం మరీ నిటారైతే ఆయిల్ కిందికి జారిపోతుంది, మరీ పడుకున్నట్టుంటే పల్చగా పరుచుకోదు, 40 నుంచి 60 డిగ్రీల మధ్య చాలా ఇంజిన్లకి నడుస్తుంది, మీ ఇంజిన్ మాన్యువల్లో ఏముందో చూసుకోండి. ముఖ్యమైనది రెండో దశ. ముతక రాయితో లోతు గాళ్లు పడ్డాక, సన్న రాయితో కొద్దిసేపు మాత్రమే తిప్పి కొనల్ని కోసేయాలి. అప్పుడు పైన చదును, కింద గాళ్లు. దీన్నే ప్లాటో హోనింగ్ అంటారు. రింగులు అరగదీయాల్సిన కొనలు ముందే పోయాయి కాబట్టి ఇంజిన్ త్వరగా సెట్ అవుతుంది, లోహపు పొడి ఆయిల్లో తక్కువ కలుస్తుంది. బోరు అద్దంలా మెరుస్తుంటే మాత్రం సంతోషపడకండి. గాళ్లు పూడిపోయాయి, రింగులు కూర్చోవు, ఇంజిన్ ఆయిల్ తాగుతుంది. హోనింగ్ అయ్యాక కిరసనాయిలుతో తుడిచేసి వదిలేయకుండా గోరువెచ్చని సబ్బునీళ్లతో బ్రష్షు పెట్టి రుద్దండి, గాళ్లలో దాగిన రాతిపొడి అలా రుద్దితేనే బయటికి వస్తుంది, తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగా ఉండాలి. తుడిచిన వెంటనే ఆయిల్ రాయాలి, లేకపోతే తుప్పు.

*గ్యాస్కెట్ ముఖాలు.* పైపు ఫ్లాంజ్ (రెండు పైపుల్ని బోల్టులతో కలిపే అంచు) ముఖాన్ని నున్నగా చేయరు. అమెరికా ప్రమాణం ఏఎస్ఎంఈ బి16.5 ప్రకారం రైజ్డ్ ఫేస్ (ముఖం కాస్త పైకి లేచిన) ఫ్లాంజ్‌కి ఆర్ఏ 3.2 నుంచి 6.3 మైక్రాన్లు, చుట్టూ తిరిగే గాళ్లతో. ఆ గాళ్లు గ్యాస్కెట్‌ని కొరికి పట్టుకుంటాయి, లోపలి ప్రెషరు దాన్ని బయటికి నెట్టకుండా ఆపుతాయి. చుట్టూ పోయే గీత ఎంత ఉన్నా లీకు దారి కాదు, లోపలి నుంచి బయటికి అడ్డంగా పడ్డ ఒక్క గీత మాత్రం లీకే. పాత గ్యాస్కెట్ గీకడానికి యాంగిల్ గ్రైండర్ పెట్టే అలవాటు ఉన్నచోట దాన్ని వెంటనే మాన్పించండి.

*మళ్లీ మళ్లీ లోడు మోసే పార్టులు.* ఫటీగ్ పగులు, అంటే మళ్లీ మళ్లీ లోడు పడి వచ్చే పగులు, దాదాపు ఎప్పుడూ ఉపరితలం మీదే, ఏదో ఒక గాడి అడుగునే పుడుతుంది. మెషిన్ డిజైన్ పుస్తకాల్లో దీనికి సర్ఫేస్ ఫ్యాక్టర్ అని ఒక గుణకం ఉంది, ఆ సూత్రంలో అంకెలు వేసి చూడండి. 600 మెగాపాస్కల్స్ బలమున్న స్టీలుకి గ్రైండింగ్ చేస్తే 0.92, టర్నింగ్ చేస్తే 0.83, ఫోర్జింగ్ పెంకుతో (వేడిగా సాగగొట్టినప్పుడు పైన మిగిలే పొర) అలాగే వదిలేస్తే 0.47 వస్తుంది. 1,200 మెగాపాస్కల్స్ స్టీలుకి టర్నింగ్ చేస్తే 0.69, ఫోర్జింగ్ పెంకు మీదైతే 0.23 మాత్రమే. స్టీలు ఫటీగ్ హద్దు సుమారుగా దాని బలంలో సగం. ఇప్పుడు గుణించండి: 600లో సగం 300, దాన్ని 0.47తో గుణిస్తే 140. 1,200లో సగం 600, 0.23తో గుణిస్తే దాదాపు మళ్లీ 140! రెట్టింపు బలమున్న ఖరీదైన స్టీలు కొని పెంకు తీయకుండా వదిలేస్తే ఫటీగ్ పరంగా కొత్తగా వచ్చింది ఏమీ లేదన్నమాట. ఈ లెక్కని ప్రతి డిజైనరూ ఒక్కసారైనా తన చేత్తో వేసి చూడాలి.

వంగే షాఫ్టు మీద టర్నింగ్ గీతలు సరిగ్గా ఒత్తిడికి అడ్డంగా పడతాయి, అదే అన్నిటికన్నా చెడ్డ దిక్కు. అందుకే ఫిల్లెట్ (సైజు మారే చోట గుండ్రటి మూల) దగ్గర చివరి పాలిష్ పొడవు వెంబడి చేయాలి. ఇంకో రెండు సంగతులు ఆర్ఏని నమ్ముకున్నవాళ్లని తికమక పెడతాయి. షాట్ పీనింగ్ చేస్తే గరుకు పెరుగుతుంది, ఆయుష్షూ పెరుగుతుంది, ఎందుకంటే చిన్న గుండ్లు కొట్టిన దెబ్బకి పైపొర నొక్కుకుపోయి పగులు తెరుచుకోనివ్వదు. దానికి ఉల్టా, గ్రైండింగ్‌లో కూలెంట్ సరిగ్గా తగలక పైపొర కాలితే ఆర్ఏ 0.2 వచ్చినా ఆ పొర లాగుడు ఒత్తిడితో ఉండి త్వరగా పగులుతుంది. కాలిందో లేదో నైటాల్ (ఆల్కహాల్లో కలిపిన నైట్రిక్ ఆమ్లం) ఎచింగ్‌లో మచ్చలుగా బయటపడుతుంది.

*పెయింట్ పట్టాల్సిన స్టీలు.* ఇక్కడ గరుకు కావాలి, అది కూడా కోణాలున్న గరుకు. బ్లాస్టింగ్‌లో గుండ్రటి షాట్‌తో (లోహపు గుళ్లతో) కొడితే గిన్నెల్లాంటి గుంటలు, పదును కోణాల గ్రిట్‌తో కొడితే వి ఆకారపు గాళ్లు పడతాయి. లోతు ఒకటే అయినా పెయింట్ పట్టు రెండోదానికే ఎక్కువ. సాధారణంగా ఎస్ఏ రెండున్నర (బ్లాస్టింగ్ శుభ్రతకి ఉన్న గ్రేడు) శుభ్రత, 40 నుంచి 75 మైక్రాన్ల లోతు అడుగుతారు. లోతు 75 ఉండి మీరు వేసిన ప్రైమర్ 50 మైక్రాన్లే అయితే కొనలు బయటే ఉంటాయి, విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో మొదట తుప్పు చుక్కలు కనపడేది ఆ కొనల మీదే. బ్లాస్టింగ్ అయిన స్టీలు తేమ గాలిలో కొన్ని గంటల్లోనే ఎర్రబడుతుంది కాబట్టి అదే రోజు ప్రైమర్ పడాలి, స్టీలు ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలో తేమ నీటిచుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి.

*మందులు, పాలు తాకే స్టీలు.* ఆహారం తాకే చోట ఆర్ఏ 0.8 మైక్రాన్లు దాటకూడదని సాధారణ నియమం, ఫార్మాలో 0.5, 0.4 దాకా దిగుతారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా యూనిట్లకి వెసెల్స్, పైపులు చేసేవాళ్లకి ఇది రోజువారీ గొడవే. ఇక్కడా నంబరు ఒక్కటే చాలదు. పాలిషింగ్ వీలుతో రుద్దిన 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు మెరుస్తుంది కానీ మెత్తటి లోహం గుట్టల మీదుగా వాలి మడతలు పడుతుంది, ఆ మడతల కింద మందు మిగులు, సూక్ష్మజీవులు దాక్కుంటాయి. ఎలక్ట్రోపాలిష్ చేస్తే, అంటే ద్రావణంలో ముంచి కరెంటుతో పైపొర కరిగిస్తే, కొనలే ముందు కరిగి, అంచులు గుండ్రబడి, మడతలు పోయి, పైపొరలో క్రోమియం పాలు కూడా పెరుగుతుంది. ఆర్ఏ రెండింటికీ ఒకటే ఉన్నా కడిగినప్పుడు శుభ్రమయ్యేది రెండోదే.

*నీటిబొట్టు నిలవాలా, జారాలా.* తామరాకు నున్నగా ఉంటుంది కాబట్టి నీళ్లు అంటవని చాలామంది అనుకుంటారు, నిజానికి అది బాగా గరుకు. మైక్రాన్ల సైజు బొడిపెలు, వాటి మీద ఇంకా సన్నటి మైనపు గొట్టాలు, మధ్యలో గాలి, బొట్టు ఆ గాలి మీద కూర్చుంటుంది. బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ 1997లో దీన్ని వివరంగా చూపించారు. వెంజెల్ 1936లో చెప్పిన సూత్రం పనివాళ్లకి ఎక్కువ ఉపయోగం: గరుకు ఉన్న గుణాన్నే పెంచుతుంది. నీటిని ఇష్టపడే ముఖాన్ని గరుకు చేస్తే నీళ్లు ఇంకా పరుచుకుంటాయి, ఇష్టపడనిదాన్ని గరుకు చేస్తే ఇంకా తోసేస్తుంది. కాబట్టి జిగురు వేసే ముందు ఎమెరీతో రుద్దడం ఒక్కటే చాలదు, జిడ్డు తీయకుండా రుద్దితే జిగురు ఇంకా అంటదు. ముందు జిడ్డు తుడవండి, తర్వాత రుద్దండి, మళ్లీ తుడవండి, చివరగా ఒక నీటిబొట్టు వేసి చూడండి, పరుచుకుంటే జిగురు వేయొచ్చు.

ఐదో అడుగు: మిషను మీద ఆ ఉపరితలాన్ని తెచ్చుకోండి

టర్నింగ్‌లో లెక్క తేలిక. ఫీడుని దాంతోనే గుణించి, టూల్ నోస్ రేడియస్‌కి (టూల్ కొన గుండ్రదనపు వ్యాసార్థం) ఎనిమిదింతలతో భాగిస్తే గుట్ట కొన నుంచి గాడి అడుగు దాకా లోతు వస్తుంది. ఫీడు 0.2 మి.మీ., నోస్ రేడియస్ 0.8 అయితే 6.25 మైక్రాన్లు, ఆర్ఏ అందులో సుమారు నాలుగో వంతు, అంటే 1.6. అదే ఫీడుకి 0.4 రేడియస్ ఇన్సర్ట్ (టూల్‌లో బిగించే కోత ముక్క) పెడితే ఆర్ఏ సుమారు 3.1. ఫీడుని సగం చేస్తే గరుకు నాలుగో వంతుకి పడిపోతుంది, కాగితం మీద.

మిషను మీద అంత రాదు. మైల్డ్ స్టీలుని తక్కువ స్పీడులో కోస్తే టూల్ కొనకి లోహం అతుక్కుని, విరిగి, ముఖం మీద చిరుగులు వదులుతుంది, అప్పుడు ఫీడు తగ్గించడం కన్నా స్పీడు పెంచడమే మందు. ఫీడు మరీ తగ్గిస్తే టూల్ కోయకుండా రుద్దుతుంది, గరుకు మళ్లీ పెరుగుతుంది. నోస్ రేడియస్ పెంచితే సన్నటి షాఫ్టులు వణుకుతాయి. కొలిచిన ఆర్ఏ లెక్కకన్నా బాగా ఎక్కువ వస్తే ఈ క్రమంలో చూసుకుంటూ పోండి: టూల్ అరిగిందా, లోహం అంటుకుంటోందా, వణుకుతోందా.

ఆరో అడుగు: డ్రాయింగ్ మీద పూర్తిగా రాయండి

మన దగ్గర పాత డ్రాయింగుల్లో ఇంకా త్రిభుజాలు కనిపిస్తాయి. ఒక త్రిభుజం అంటే 25 నుంచి 8 మైక్రాన్లు, రెండు అంటే 8 నుంచి 1.6, మూడు అంటే 1.6 నుంచి 0.025. మూడు త్రిభుజాల్లో అరవై రెట్ల తేడా దాగి ఉంది, అదేం స్పెసిఫికేషన్! ఎన్6, ఎన్7 అనే గ్రేడులు కాస్త నయం, ఎన్7 అంటే 1.6, ఎన్6 అంటే 0.8. అయినా సూటిగా నంబరు రాయడమే మంచిది, పనిచేసే ముఖానికి ఒక్క పైహద్దు కాకుండా కింది హద్దు కూడా రాయాలి.

సీల్ షాఫ్టుకైతే ఇలా రాయండి: ఆర్ఏ 0.2 నుంచి 0.8, ఆర్‌జడ్ 1 నుంచి 5, ప్లంజ్ గ్రైండింగ్, మర గీతలు ఉండకూడదు, దారం పరీక్ష చేయాలి. లైనర్‌కి ఆర్ఏ బదులు ఆర్‌పీకే, ఆర్‌కే, ఆర్‌వీకే మూడూ, గీతల కోణం. వంగే షాఫ్టు ఫిల్లెట్‌కి ఆర్‌జడ్ పైహద్దు, పాలిష్ దిక్కు. ఏ పనీ లేని ముఖాలకి "మెషిన్ చేసినట్టే వదిలేయండి" అని రాసి సంతకం పెట్టండి. అక్కడ మిగిలిన గ్రైండింగ్ ఖర్చుతో సీల్ షాఫ్టు ప్లంజ్ గ్రైండింగ్‌కి అవసరమైన అదనపు సమయం వచ్చేస్తుంది.